కొబ్బరిబోండం వైద్యం

మన మగవాళ్ళకు సుఖవ్యాధులు రావు. వేడి చేస్తుంది. ఒంటేలుకి వెళ్తే మంటా? వేడి. చీములాంటిది కనబడిందా? బాగా వేడి. గజ్జల్లో నొప్పి, కింద వాపు, చెయ్యి తగిలితే ప్రాణం పోతోందా? మొన్న అంత ఎండలో బండేసుకుని బెజవాడ వెళ్ళొచ్చావు కదరా, మరి చెయ్యదూ! సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, రెండు కొబ్బరిబోండాలు. నాలుగు రోజులకు మంట తగ్గుతుంది. జై కొబ్బరిబోండం.

మంట తగ్గినంత మాత్రాన సూక్ష్మజీవి మకాం ఎత్తేసినట్టు కాదని బోండానికి తెలియదు. గనేరియా, అదే మన పెద్దల సెగరోగం, కాస్త గోల చేసి వస్తుంది. క్లమీడియా అయితే చాలామందిలో చప్పుడే చేయదు. వైద్యం అందకపోతే ఇవి మూత్రనాళంలోంచి పైకి పాకి, వృషణం వెనక చుట్టలు చుట్టుకుని ఉండే ఎపిడిడిమిస్‌లోకి చేరవచ్చు. సాగదీస్తే ఆరు మీటర్ల దాకా వచ్చే ఆ సన్నటి గొట్టంలోనే వీర్యకణాలు ఈత నేర్చుకునేది. అది వాచి, మచ్చకట్టి, రెండువైపులా మూసుకుపోయిందంటే లోపల తయారీ మామూలుగానే సాగుతుంది, బయటికి మాత్రం ఒక్కటీ రాదు. క్షయ కూడా ఈ పని చేయగలదు. మన దేశంలో దానికి కొదవ లేదు. పెద్దయ్యాక వచ్చే గవదబిళ్ళలైతే నేరుగా వృషణాల మీదే పడవచ్చు.

ఇంత జరిగినా కాపురం యథావిధిగా సాగుతుంది గనక అయ్యగారికి అనుమానం రాదు. మగతనం ఒక శాఖ, సంతానం ఇంకో శాఖ అంటే ఏ మగాడు ఒప్పుకుంటాడు? ఆ మాటకొస్తే పార్లమెంటుకే తట్టలేదు. మాయమందుల ప్రకటనలకు కళ్ళెం వేస్తూ 1954లో చేసిన చట్టం షెడ్యూలు చూడండి. నపుంసకత్వం ఉంది, సుఖవ్యాధులున్నాయి, స్త్రీల వంధ్యత్వం ఉంది. పురుషుల వంధ్యత్వం లేదు. నిషేధించాలన్నా ముందు అలాంటిదొకటి ఉందని ఒప్పుకోవాలి కదా!

కనుక ఆసుపత్రికి కోడలు వెళ్తుంది. థైరాయిడ్, స్కానింగులు, గర్భాశయంలోకి మందు ఎక్కించి తీసే ట్యూబుల ఎక్స్‌రే. పళ్ళ బిగువున అన్నీ భరిస్తుంది. ఆపైన గుడి. 2024 ఏప్రిల్‌లో చిలుకూరు బాలాజీ ఆలయంలో సంతానం లేని ఆడవాళ్ళకు గరుడ ప్రసాదం ఇస్తారని తెలిసి జనం పోటెత్తితే ఆ దారిలో బళ్ళు గంటల తరబడి కదల్లేదు. అందులో చాలా కార్లు నడిపింది భర్తలే అయ్యుంటారు. పాపం, వాళ్ళ వంతు శ్రమ వాళ్ళూ పడ్డారు.

వీర్య పరీక్షకే తీరిక దొరకదు. మత్తు లేదు, కోత లేదు, సూది కూడా లేదు. రెండు నుంచి ఏడు రోజుల బ్రహ్మచర్యం, ఒక చిన్న డబ్బా, గడియ పడే తలుపు. పిల్లల్లేని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపూ లోపం ఉంటుందని డాక్టర్లు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు. అన్నిటికీ ఇన్ఫెక్షనే కారణం కాదు. వృషణాల దగ్గర సిరలు ఉబ్బే వేరికోసీల్ ఉంది, కండల కోసం జిమ్ముల్లో పొడిపించుకునే హార్మోన్లున్నాయి. అయితే ఇన్ఫెక్షన్‌ను మచ్చ కట్టకముందే పట్టుకుంటే మందులతో పోతుంది. సర్కారు ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్కుల్లో అవి ఉచితం కూడా.

ఒక్కటే తిరకాసు. భార్యకూ వైద్యం చేయాలంటారు. అంటే ఆమెకు చెప్పాలి. అంతకన్నా బస్టాండు మూత్రశాల గోడ మీద కాగితం అంటించి, నెలకోసారి లాడ్జిలో దిగే ‘డాక్టరు’గారే నయం. ఆయన భార్య ఊసెత్తడు, పరీక్ష అడగడు. మూడు నెలల లేహ్యానికి డబ్బు మాత్రం ముందే కట్టించుకుంటాడు.

లేహ్యం అయిపోయేలోగా ఆ సూక్ష్మజీవి భార్య గర్భనాళాల దాకా వెళ్ళి అక్కడా మచ్చలు కడుతుంది. ఎక్స్‌రేలో అడ్డు కనబడగానే అత్తగారి మనసు కుదుటపడుతుంది. “చూశారా వదినా, లోపం ఎవరిలో ఉందో! మావాడు ఇన్నాళ్ళూ నోరెత్తి ఒక్క మాటన్నాడా?” నిజమే, అనలేదు. పెద్దలు కూర్చుని విడాకులు మాట్లాడతారు, మరో సంబంధం చూస్తారు. పెళ్ళయిన రెండేళ్ళకు కొత్త కోడలి పేరున థైరాయిడ్ పరీక్ష రాయిస్తారు.