పేరు తెలిస్తే చాలనుకున్నాను

ఒక మాట ఎక్కడ పుట్టిందో తెలిస్తే చాలు, దాని సంగతంతా తెలిసిపోయినట్టే అనిపిస్తుంది నాకు. ఈ బలహీనత మీకూ ఎంతో కొంత ఉండే ఉంటుంది. అందుకే మీ దగ్గర దాచకుండా చెబుతున్నాను.

ఆక్సిజన్ అనే మాటంటే నాకు ప్రాణం. గ్రీకులో మొదటి సగానికి పులుపు అని, రెండో సగానికి పుట్టించేది అని అర్థం. మన పాత పాఠ్యపుస్తకాలు దాన్నే ఆమ్లజని అన్నాయి. ఉదజని, నత్రజని పక్కన ఆ పేరు ఎంత ముచ్చటగా ఒదిగిందో! ఆ ముచ్చటలో పడి, అది నిజమేనా అని ఎన్నడూ ఆలోచించలేదు.

ఒక పెళ్లిలో భోజనాలయ్యాక, పదో తరగతి చదివే మా అన్నయ్య కూతురు వచ్చి పక్కన కూర్చుంది. చుట్టూ పదిమంది ఉన్నారు. ఇక ఆగుతానా? ఆక్సిజన్ లేనిదే ఆమ్లం లేదన్నాను, పేరులోనే ఉందన్నాను, పేరు తెలిస్తే బట్టీ పట్టక్కర్లేదన్నాను.

"మరి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉండేవి హైడ్రోజన్, క్లోరినే కదా బాబాయ్? ఆక్సిజన్ ఏదీ?" అంది. నేను నోరు తెరిచేలోపే, తమలపాకుకు సున్నం రాస్తున్న పెద్దాయన వేలు చూపించి, "ఆ తడిసున్నంలో ఆక్సిజన్ ఉంది, కానీ అది క్షారం" అంది. అందరూ నావైపు చూశారు. "అది వేరే లెక్కలే" అనేశాను. తెలియదు అనే చిన్నమాట నోట రాలేదు. చెప్పిన తప్పుకన్నా ఆ కప్పిపుచ్చుకోవడమే ఇప్పటికీ గుచ్చుకుంటోంది. పిల్లల ముందు చిన్నబోవడానికి మనం ఎందుకింత భయపడతామో!

తర్వాత చదివాను. పారిస్‌లో లెవోయిజర్ అనే రసాయన శాస్త్రవేత్త గంధకాన్నీ భాస్వరాన్నీ మండించి చూశాడు. వాటి నుంచి వచ్చినవి నీళ్లలో కలిస్తే ఆమ్లాలయ్యాయి. మండేటప్పుడు అవి పట్టుకున్నది ఆక్సిజన్ వాయువునే కాబట్టి, అన్ని ఆమ్లాలకూ ఇదే మూలమనుకుని 1777లో ఆ పేరు పెట్టాడు. ఉప్పు నుంచి తీసే ఆ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోనూ ఇది దాగి ఉందనే నమ్మాడు. చూసినంతవరకూ ఆయన చెప్పింది నిజం, చూడనిదానికీ దాన్నే వర్తింపజేశాడు. అంతటి మహానుభావుడికే తప్పలేదు.

ఆ ఉప్పు ఆమ్లం నుంచి వచ్చే లేతపచ్చ వాయువులో కూడా ఆక్సిజన్ ఉందని అప్పట్లో అందరూ అనుకునేవారు. లండన్‌లో హంఫ్రీ డేవీ అనే రసాయన శాస్త్రవేత్త తెల్లగా కాలిన బొగ్గుతో ప్రయత్నించినా అందులోంచి ఆక్సిజన్ రాలేదు. అది మూలకమేనని 1810లో ప్రకటించి, దాని రంగును బట్టే క్లోరిన్ అన్నాడు. సిద్ధాంతం రేపు మారవచ్చు, రంగు మారదు కదా! ఆ జాగ్రత్తకు నేను దణ్ణం పెడతాను.

పేరు పెట్టిన రోజున మనుషులు ఏమనుకున్నారో పేరు చెబుతుంది. ఆ వస్తువు ఏమిటో వస్తువునే అడగాలి. మాటల పుట్టుక వెతికే సరదా నేను మానలేదు, మిమ్మల్నీ మానమనను. నలుగురికీ చెప్పబోయే ముందు, ఆ అర్థం ఇప్పటికీ నిలుస్తుందా అని మాత్రం ఇప్పుడు పుస్తకం తీసి చూస్తున్నాను.