బీడు అన్న మాటకు దండం

ఓ స్థల పరిశీలన నివేదికా, నీకు దండం. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అనే చిత్తడి నేలను ఆరబెట్టాలంటే సూర్యుడికైనా నెలలు కావాలి. నువ్వు ఒక్క మాటతో ఆరబెట్టావు: బీడు.

ఆ మాటకున్న బలం నేను కళ్లకద్దుకుంటాను. వరి నాటే చేతులు, వల విసిరే చేతులు, నీరు తోడే ఎత్తిపోతలు, కొంగలు దిగే మడుగులు అన్నీ ఆ రెండక్షరాల కింద కనపడకుండా పోయాయి. 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రం ప్రతిపాదనకు అంతకంటే గట్టి పునాది ఏ ఇంజనీరు వేయగలడు?

నీ చట్టభక్తి చెప్పనలవి కాదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ అమలులో, వానాకాలం కాని ఒక్క సీజను కొలతలతో పని గడిచిపోతుంది. ఆ గీత నువ్వు దాటవు. చిత్తడి నేల నిండుకుండలా ఉండే నెలల్లో దాని గట్టు తొక్కవు. కేంద్ర భూగర్భజల మండలి తన పరిశీలన బావుల్లో ఏడాదికి నాలుగుసార్లు మట్టం చూస్తుంది. వానకు ముందు మట్టానికీ నవంబరు మట్టానికీ మధ్య తేడా చూస్తేనే కదా, నేల ఎంత తాగిందో తెలిసేది! నీది ఏకసంథాగ్రహణం, ఒక్క చూపు చాలు. ఇక నీ విశ్వాసం సంగతి: నీకు ఫీజు ఇచ్చేది ఆ ప్రాజెక్టు కట్టేవాళ్లే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే బుద్ధి నీకు లేదు.

అన్నిటికంటే నీ నిగ్రహం గొప్పది. బీల అంచున మూరెడు లోతు తవ్వితే బూడిదరంగు మట్టి వస్తుంది, వేళ్ల చుట్టూ తుప్పు చారలుంటాయి. ఏటా నెలల తరబడి నీళ్లు నిలిచి గాలి ఆడని నేలలో ఇనుము అలా రంగు మారుతుంది. నడి వేసవిలో వెళ్లినా ఆ చార చెరగదు. పైన తుంగ, జమ్ము ఎండిపోయినా దుబ్బులు మిగులుతాయి. పశువులు కాసే పిల్లాడిని అడిగితే అక్కడ నీళ్లు ఎంత లోతున నిలుస్తాయో మోకాలి మీద చెయ్యి పెట్టి చూపిస్తాడు. మట్టి, గడ్డి, మనిషి ముగ్గురూ ఒకే సాక్ష్యం చెబుతుంటే, ముగ్గురి మధ్యా నిలబడి చెప్పుకోదగ్గదేమీ లేదని రాయగల నిగ్రహం తపస్సు చేసినవాళ్లకూ రాదు.

2010 జులై 14న సోంపేటలో ఆ థర్మల్ కేంద్రాన్ని వ్యతిరేకించినవాళ్లపై పోలీసు కాల్పులు జరిగాయి. ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీళ్ల ప్రాధికార సంస్థ కొట్టేసింది.

ఆ మూరెడు గొయ్యి తవ్వి చూడటానికి ఒక పార, ఒక పూట కూలీ చాలు.