లిఫ్టెక్కనివారి ధర్మసూక్ష్మము

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాసులకు ఇక కొఱత యేమియు లేదు. ఫ్లాటు కొనినవారికి ‘కమ్యూనిటీ లివింగు’ కూడ కొసరుగా లభించునట! తాతలనాటి ఉమ్మడి యిండ్లకు నట్టనడుమ గోడ కట్టి, బావినీటికి సయితము వంతులు గట్టి పంచుకొనిన మనబోటివారికి, కలసి బ్రదుకుటలోని మాధుర్యమును రంగుల కరపత్రములతో బోధింపబూనిన బిల్డర్ల సాహసము సామాన్యమైనది కాదు.

డెన్మార్కులో 1972 నాటికే సెట్టెడామెన్ అనుచోట 27 ఇండ్లవారు ఇట్టి నివాసమును నెలకొల్పుకొనిరి. అట్టి నివాసములలో వంట వంతులవారీ. ఎంతటి యజమాని యైనను తన వంతు వచ్చినపుడు గరిటె పట్టవలసినదే. మన కరపత్రమున ఉమ్మడి భోజనశాల బొమ్మ కలదు. గరిటె పట్టువాని బొమ్మ లేదు.

మా భవనమున ధర్మమీమాంస యంతయు లిఫ్టు ఖర్చు చుట్టునే పరిభ్రమించును. “మేము లిఫ్టెక్కేదే లేదు గదా సామీ, మేమెందుకియ్యల్ల?” అని క్రింది యంతస్తువారు, “అట్లయితే మా నెత్తినుండే ట్యాంకు నీళ్లు మీరు వాడొద్దు” అని పైవారు. నడిమి యంతస్తు పెద్దమనిషి యొకడు, తాను ఎక్కునపుడే లిఫ్టు వాడి, దిగునపుడు మెట్లమీదుగా వచ్చుచున్నాడు గనుక తనకు సగమే న్యాయమనెను. వేసవిలో బెంగుళూరున కొడుకునొద్ద నుండి వచ్చినవారు ఆ నెలల పైకము మాఫీ కోరిరి. ఎక్కినవారి పేర్లు వ్రాయుటకొక పుస్తకము పెట్టవలెనని తీర్మానము కాగా, చంకలోని బిడ్డకు అర టిక్కెట్టా, గృహప్రవేశమునాడు పైకెక్కిన ఇనుపబీరువాను మనిషి క్రింద జమకట్టుటయా, సామాను క్రిందనా యని భోజనవేళ దాటువఱకు వాదములు సాగినవి. ఉమ్మడి భాగములలో ప్రతి యజమానికిని విడదీయరాని వాటాను 1987 నాటి అపార్టుమెంటుల చట్టమే యిచ్చినది. ఆ వాటాను రిజిస్ట్రేషను నాడు గజముల లెక్కన రవంతయు తగ్గకుండ వ్రాయించుకొనినవారే, ఖర్చు మాట వచ్చునప్పటికి సన్న్యాసులై “మాకది యక్కరలేదు” అందురు.

కార్ల పార్కింగు కలహములు చెప్పబూనను. అవి అందఱికిని ఉన్నవే.

ఈ లెక్కలలో దేనియందును కానరాని మనిషి యొకతె కలదు. ఆమె వాచ్‌మన్ భార్య. జీతము భర్తకు, మెట్లు చిమ్ముట, చెత్త దింపుట, నడిరేయి ట్యాంకరు వచ్చినచో లేచి గొట్టము పట్టుట ఆమెకు. మెట్ల క్రింద గది యిచ్చితిమి గదా యందురు! మోటారు రొదలో కన్ను మూతపడని ఆ గది యద్దెను ఆమె రెక్కలకు జమకట్టి, ఏండ్లతరబడి ఆ చాకిరిని ఊరకే అనుభవించుచు, బాధ్యతలు అందఱము సమముగ పంచుకొనుచున్నామని చెప్పుకొనుటకు సిగ్గుండవలెను. ఇది పచ్చి వెట్టి.

అసోసియేషను పెద్దలారా, వచ్చు నెల పద్దులలో మొట్టమొదటి పంక్తిగా ఆమె జీతము వ్రాయుడు. దానిని ఆమె చేతికే యియ్యుడు. ఇనుపబీరువా సంగతి పిమ్మట తేల్చుకొనవచ్చును.