ఎర్రర్ లాగ్: పాటించకూడని అయిదు సలహాలు

హైదరాబాద్ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల, అశోక్‌నగర్, నారాయణగూడ గల్లీల్లో గ్రూప్స్ కోచింగ్ సెంటర్లకు కొదవలేదు. ఆన్‌లైన్ మాక్ టెస్టులు పెట్టే సెంటర్‌లో సైటు చూసుకునేది ఒక్కరే అయితే, ఈ సలహాలు వాళ్ల చెవిన పడక మానవు. ఒక్కటీ పాటించకండి.

1. "డిస్క్ నిండిందా? లాగ్ డిలీట్ కొట్టెయ్ అన్నా."
సర్వర్ ఆ ఫైల్‌ను తెరిచే ఉంచుతుంది. పేరు పోతుంది, జాగా మాత్రం రాదు. కాపీ వేరే మెషీన్‌లోకి తీసుకుని ట్రంకేట్ చేయండి. ఇకపై ఆ పని లాగ్‌రొటేట్‌కు అప్పగించండి. పాతవి కుదించేది, గడువు దాటినవి తీసేసేది అదే.

2. "వార్నింగులే కదా, వదిలెయ్."
ఒక ప్రశ్నకు వివరణ ఎక్కించలేదనుకోండి. ఎవరు ఆ ప్రశ్న తెరిచినా తేదీ, ఫైల్ పేరు, లైన్ నంబర్‌తో అదే వార్నింగ్ పడుతుంది. 200 బైట్ల లైన్ 50 లక్షల సార్లు పడితే ఒక జీబీ. డిస్క్ నిండితే డేటాబేస్ జవాబులు రాసుకోలేదు. అసలు ఎర్రర్ ఆ గుంపులో కంటికి ఆనదు.

3. "ఎర్రర్లు స్క్రీన్ మీదే రానీ, వెంటనే తెలుస్తది."
మీతోపాటు ఊరందరికీ తెలుస్తుంది, సర్వర్ ఫోల్డర్ల దారితో సహా. పీహెచ్‌పీ అయితే లైవ్‌లో డిస్‌ప్లే ఎర్రర్స్ ఆఫ్, లాగ్ ఎర్రర్స్ ఆన్ ఉండాలి. లాగ్‌ను పబ్లిక్ ఫోల్డర్‌లో పెట్టకండి, 777 పర్మిషన్ ఇవ్వకండి.

4. "ఏదీ వదలకు, అన్నీ లాగ్ చెయ్."
పాస్‌వర్డ్, ఓటీపీ, ఫోన్ నంబర్ లాగ్‌లో పడకూడదు. ఎవరికి ఇబ్బంది వచ్చిందో తెలియడానికి యూజర్ ఐడీ చాలు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది ఇలాంటి సమాచారాన్ని కాపాడడానికే.

5. "వారం దాటినవి ఎందుకు?"
కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు 180 రోజుల లాగ్‌లు దాచాలి. పాత లాగ్ వెతికేటప్పుడు టైమ్ చూసుకోండి. సర్వర్ యూటీసీలో నడుస్తుంటే, మన రాత్రి 8 గంటలకు ఆగిన టెస్టు అక్కడ 14:30 దగ్గర దొరుకుతుంది.

హాస్టల్ అద్దె, కోచింగ్ ఫీజు ఇంటినుంచి తెప్పించుకుని చదివే అభ్యర్థి "నా జవాబులు సేవ్ కాలేదు సార్" అంటే "నెట్ ప్రాబ్లమ్" అని పంపేయడం అన్యాయం. కారణం వెతికి చెప్పాలి. రోజూ పొద్దున్నే లాగ్ తెరవండి. ఎక్కువసార్లు పడ్డ ఎర్రర్ ఏదో చూసి, సాయంత్రం టెస్టు మొదలయ్యేలోపు దాన్ని సరిచేయండి.