పొదుగు లేని ఆవు

మా అన్న కొడుకు మొన్న బెంగళూరు నుంచి వస్తూ చిన్న నల్ల డబ్బా ఒకటి తెచ్చాడు. “ఇది బిట్‌కాయిన్ నోడు చిన్నాయనా. అటక మీద పెట్టి ఇరవై నాలుగ్గంటలూ ఆన్‌లో ఉంచు, చాలు. బ్యాంకుల పెత్తనం పోతుంది” అన్నాడు. మా వైపు బోరుబావికే కరెంటు తొమ్మిది గంటలు. “సరే, నెలకెంత ఇస్తారు?” అన్నా. “ఇచ్చేదేం ఉండదు. ఇది సేవ” అన్నాడు.

బిట్‌కాయిన్ అంటే 2009 జనవరి 3న తెరిచిన ఖాతా పుస్తకం. దాని పూర్తి నకలు దగ్గరుంచుకుని, సుమారు పది నిమిషాలకోసారి వచ్చే కొత్త పేజీలో దొంగలెక్క ఉందేమో చూసి పక్కవాడికి అందించే యంత్రమే నోడు. పుస్తకం 600 గిగాబైట్లు ఎప్పుడో దాటింది, ఇంకా లావెక్కుతూనే ఉంది. పేజీ రాసే మైనింగు వాళ్లకి 2024 ఏప్రిల్ నుంచి పేజీకి 3.125 కాయిన్ల కూలి. సరిచూసే నోడుకి సున్నా. తన సొమ్ము లెక్క ఒకరిని నమ్మకుండా తానే చూసుకోవాలనుకునేవాడికి ఇది పనికొచ్చే వస్తువే, కాదనను. మావాడికి కాయిన్లు ఎన్నున్నాయని అడిగా. ఒక్కటీ లేదు! ఎవరి బీరువాకో మన ఇంట్లో, మన కరెంటుతో, జీతం లేని కాపలా. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు ఆర్థిక స్వరాజ్యం.

పుంగనూరు ఆవు మూడడుగుల ఎత్తు ఉంటే గొప్ప. గుప్పెడు మేతతో వెన్న తేలే పాలిస్తుంది. ఈ డబ్బా ఆవుకి మేత ఏటేటా పెరుగుతుంది, పొదుగు మాత్రం లేదు. అయినా దీన్ని మేపమని చెప్పేవాళ్ల గొంతులో పలికే భక్తి గోశాలల్లో కూడా వినలేదు.

కూలి ఇచ్చే నోడూ ఉందండోయ్. బిట్‌కాయిన్ లాంటిదే ఇంకో ఖాతా పుస్తకం ఈథీరియం. 2022 సెప్టెంబరు నుంచి అందులో 32 ఈథర్లు తాకట్టు పెట్టినవాడే కాపలాదారు. ఆ సొమ్ముంటే మామిడితోట కొని, దానికి ఇంకొకణ్ణి కాపలా పెట్టుకోవచ్చు. పైగా యంత్రం ఆగితే జరిమానా. గాలివానకి కరెంటు పోతే లైన్‌మన్ కాదు, మనం కట్టాలి.

అసలు ముచ్చట నోడు లైసెన్సులు అమ్మేవాళ్లది. డబ్బా కొను, టోకెన్లు రాలతాయి, ముందు కొన్నవాడికి ఎక్కువ రాలతాయి. మదనపల్లె మార్కెట్ చూసినవాడికి ఈ లెక్క కొత్త కాదు. 2023 జూలైలో కిలో టమాట 200 రూపాయల దాకా ఎగిరింది. అది చూసి నారు నాటినవాళ్ల కాయ కోతకొచ్చేసరికి ధర నేల మీదుంది. నారు అమ్మిన నర్సరీకి నష్టం లేదు, మండీ కమీషనుకి లోటు లేదు. టోకెన్ల లోకంలో నర్సరీ వాడే మండీ వాడు కూడా. అమ్ముడుపోని టమాటను కనీసం పప్పులో వేసుకుంటాం!

అమెరికాలో హీలియం అనే సంస్థ 2019లో ఇలాగే ఇళ్లలో వైర్‌లెస్ డబ్బాలు పెట్టించడం మొదలుపెట్టింది. జనం వందల డాలర్లు పోసి ఎగబడి కొన్నారు. 2022లో లెక్క బయటపడితే, ఆ నెట్‌వర్కును నిజంగా వాడుకున్నందుకు వచ్చిన డేటా రుసుము నెలకి సుమారు 6,500 డాలర్లు. లక్షల ఆవులు, చెంబెడు పాలు. మన దేశంలో అయితే ఆ చెంబులో కూడా వాటా ఉంది: 2022 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి కాయిన్ల లాభం మీద 30 శాతం పన్ను, నష్టాన్ని దేంట్లోనూ సర్దుకోనివ్వరు. లాభం ఉమ్మడి ఆస్తి, నష్టం మాత్రం స్వార్జితం.

కుప్పం వాళ్లు ఇలాంటి పిలుపు ముందే విన్నారు. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ అక్కడ ఐ-కమ్యూనిటీ పేరుతో కంప్యూటర్ కేంద్రాలు తెరిచింది, ఆడవాళ్లకి కెమెరాలిచ్చి ఊళ్లలో ఫోటోలు తీయించింది. మూడేళ్లకి సర్దుకుంది. పోనీలే, యంత్రాలు వాళ్లే తెచ్చుకున్నారు.

“వేల నోడ్లు ఒప్పుకుంటేనే అది నిజం చిన్నాయనా, ఒక్కడు మార్చలేడు” అంటాడు మావాడు. దానికి డబ్బా ఎందుకురా? సర్కారు కాగితాల్లో మా ఊరు వాల్మీకిపురం. బస్సు కండక్టరు అరిచేది వాయల్పాడు అని, పాకాల–ధర్మవరం లైనులో స్టేషను పేరూ అదే. యూనిట్టు కరెంటు కాలకుండా ఊరంతా ఒప్పుకున్న లెక్క అది. ఆ వేల నోడ్ల సంగతి చూస్తే, ఈథీరియంలో పెద్ద వాటా అమెజాన్ లాంటి కొద్ది కంపెనీల సర్వర్లలో అద్దెకుంటోంది. బిట్‌కాయిన్‌లో ఎక్కువ పేజీలు రాసేది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మైనింగు ముఠాలు.

“ఇంత గొప్పదాన్ని నీ రూములోనే పెట్టుకోకపోయావా?” అని అడిగా. ఇంటర్నెట్టంతా అదే తాగేస్తోందట. రూములో ఉండేది నలుగురు. ముగ్గురు ఒప్పుకోలేదు.