హైదరాబాద్‌ను పానగల్‌లో కలపండి

శివారులోని 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్‌ఎంసీలో కలపాలని మంత్రివర్గం తీర్మానించిన కాడి నుంచి మా నల్గొండ జిల్లా పానగల్‌కు కంటిమీద కునుకు లేదు. ఔటర్ దగ్గరే ఆగుడేంది? మాదొక ప్రతిపాదన. హైదరాబాద్‌నే తెచ్చి పానగల్‌లో కలిపేయండి.

అర్హతేమిటంటారా? కందూరు చోళుల రాజధాని మాది. 1591లో భాగ్యనగరానికి ముగ్గు పోసేనాటికే వందల ఏండ్ల సీనియారిటీ. పట్నం తాగే కృష్ణా నీళ్లు మా జిల్లా కోదండాపూర్‌లోనే శుద్ధయి పోతున్నయి. వాడి వదిలినవి మూసీలో మళ్లీ మా జిల్లాకే వస్తున్నయి. మురుగు విలీనం ఎప్పుడో పూర్తయింది, జీవో ఒక్కటే తక్కువ.

పాలనకు నమూనా కూడా ఉంది. మా ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పొద్దంతా నీడ పడుతుంది, అది ఏ స్తంభానిదో చుట్టూ తిరిగినా అంతుపట్టదు. మా గ్రేటర్ పానగల్‌లోనూ అంతే. పన్ను నోటీసు ఇంటి మీద పడుతుంది, పంపిన మహానుభావుడు కనబడడు. జూబ్లీహిల్స్‌లో బిడ్డ పుడితే సర్టిఫికెట్‌కు నార్కట్‌పల్లి మీదుగా వంద కిలోమీటర్లు రావాలె. పాలన ప్రజల ముంగిట్లోకి రావడమంటే ఇదే కదా!

పచ్చల సోమేశ్వరాలయం పక్కన మ్యూజియం ఉంది. పీర్జాదిగూడ, బోడుప్పల్, నిజాంపేట కార్పొరేషన్ల బోర్డులు అక్కడికి పంపండి, శాసనాల పక్కన నిలబెడతాం. 2019లో కార్పొరేషన్లయినయి, 2020 జనవరిలో ఓట్లు పడ్డయి, 2025 జనవరిలో పాలకవర్గాల గడువు తీరింది, ఏడాది తిరగకముందే పేరే పోయింది. కందూరు చోళులు నయం. ఆ బోర్డుల మీది రంగు కొంచెం గీకితే అడుగున ‘గ్రామ పంచాయతీ’ అక్షరాలు ఇంకా కనబడతయి.

ఎగతాళి చాలు. సభలో లేచి కాదనడానికి ఒక్క కౌన్సిలర్ కూడా మిగలని సమయం చూసి ఆ శివారు ఊళ్లను కలిపారు. అక్కడ ఇల్లు కట్టుకున్నోళ్లను అడిగిందెవరు? 2007లో మల్కాజిగిరి, కూకట్‌పల్లి, ఎల్బీనగర్ సహా 12 మున్సిపాలిటీలను ఇట్లనే కలిపితే, కొత్త నగరానికి ఎన్నికలు జరిగింది 2009 నవంబర్‌లో. రెండున్నరేండ్లు మోరీ పొంగితే నిలదీయడానికి తాము ఓటేసిన మనిషి లేడు. ఇంటిపన్ను మాత్రం ఒక్క ఏడూ ఆగలేదు. ఈ 27 ఊళ్లకు మళ్లీ ఓటెప్పుడో తేదీ వేసి ఉత్తర్వు ఇవ్వండి.