దార్శనిక పత్రం తయారుచేయు విధానం
(విశ్వవిద్యాలయ ప్రణాళికా కమిటీల సౌకర్యార్థం)

1. ముందు ఏడాది ఎంచుకోండి. 2030 వద్దు, ఎవరైనా లెక్క అడగొచ్చు. 2047 శ్రేష్ఠం, అప్పటికి కమిటీ అంతా పెన్షన్ తీసుకుంటూ ఉంటుంది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘విజన్ 2020’ రాశారు. 2020 కరోనాను వెంటేసుకుని వచ్చింది. రాసినవాళ్లను ఎవరైనా నిలదీశారా?

2. భవిష్యత్తు ఒక్కటే ఉండాలి. 1970ల మొదట్లో షెల్ చమురు కంపెనీలో పియర్ వాక్ బృందం ‘ఇలా జరిగితే? అలా జరిగితే?’ అని రకరకాల భవిష్యత్తులు రాసి పెట్టుకుంది. 1973లో చమురు ధర భగ్గుమన్నప్పుడు ఆ కసరత్తు అక్కరకొచ్చింది. మనకెందుకా చాదస్తం? సీట్లన్నీ నిండుతాయి, గ్రాంట్లన్నీ వస్తాయి. అంతే రాయండి.

3. సిరిసిల్ల పేరు పత్రంలో వేసుకోండి. 2021లో అక్కడ జేఎన్టీయూహెచ్ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది కదా. సాంచాల (మరమగ్గాల) దిక్కు మాత్రం పోకండి. 2017 నుంచి బతుకమ్మ చీరలు నేసిన ఆసామి ఎదురుపడి, “సర్కారు ఆర్డరు ఆగితే ఎట్ల సార్?” అంటాడు. అలాంటి ప్రశ్నకు మీ పట్టికలో గడి లేదు.

4. కోరుట్ల పశువైద్య కళాశాలలో వర్క్‌షాపు పెట్టండి, భోజనాలు బాగుండాలి. బర్రెను తోలుకొచ్చిన రైతును లోపలికి రానివ్వకండి. 2022లో దేశంలో చాలాచోట్ల లంపీ చర్మవ్యాధితో పశువులు పడిపోవడం అతనికింకా గుర్తుంటుంది. “రేపు ఇంకేం రోగమొస్తదో” అని సభను పాడుచేస్తాడు.

5. జగిత్యాల వెళ్లినా పొలాస వ్యవసాయ పరిశోధన స్థానం గేటు దాటకండి. అక్కడ సన్న కత్తెరతో వరి పువ్వు కొన కత్తిరించి, పుప్పొడి తిత్తులు లాగేసి, వేరే రకం పుప్పొడి రాల్చి, కంకికి కాగితం సంచి తొడుగుతారు. ఆ గింజ కొత్త రకమై రైతు చేరడానికి ఎనిమిది, పదేళ్లు. అప్పటికి ఉల్లికోడు పురుగు ఎంత ముదురుతుందో, కాలువ నీళ్లెన్నొస్తాయో, జనం సన్నాలడుగుతారో దొడ్డువడ్లో తెలియదు. అందుకే వేల మొక్కలు నాటి, ఏటా పనికిరానివి ఏరిపారేస్తారు. ఉల్లికోడును తట్టుకునే జేజీఎల్ 1798, మన జగిత్యాల సన్నాలు, అలా మిగిలిందే. ఈ ఏరివేత జబ్బు మీకు అంటుకుందా, పత్రంలో సగం లక్ష్యాలు ఎగిరిపోతాయి.

6. సమీక్ష న్యాక్ బృందం వచ్చే ముందురోజు రాత్రి చాలు, బైండింగ్ ఊడకపోతే అమలైనట్టే. వీసీ గారి పదవి మూడేళ్లు. కొత్తవారు వస్తే అట్టమీద ఫొటో మార్చండి, లోపలి పేజీలు ఎవరూ తిప్పరు.